వంక దారిలో నేను దిగిన ఆదివారం

పోయిన ఆదివారం తెల్లవారుతుండగానే మా కోడలు కారు వెనక తనకొకటీ నాకొకటీ రెండు సైకిళ్ళు కట్టి, ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని, బెళ్ళందూరు నుంచి బయలుదేరి యలహంక దాటించి కొండల వైపు తీసుకుపోయింది. సెలవు రోజుల్లో అడవి దారుల్లో సైకిలు తొక్కే గుంపొకటి ఉంది, ఆమె అందులో చేరి ఏడాది కావస్తోంది. ఆ దారుల పటం ఫోనులో చూపించింది. కొత్తగా తొక్కేవాళ్ళకు పచ్చగీత, కాస్త అలవాటున్నవాళ్ళకు నీలిగీత, బాగా చెయ్యి తిరిగినవాళ్ళకు నల్లగీత. పైన, అన్ని స్థాయిలవారికీ స్వాగతం అని పెద్ద అక్షరాలు. నల్లగీత ఏ కొండ మీద నుంచి ఏ వాగు వంకలోకి దిగుతోందో చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టానని మాత్రం ఆమెకు చెప్పలేదు, నేరుగా అక్కడికి పోయాకే చెబుదామనుకున్నాను. కొన్ని వారాలుగా మా అపార్ట్‌మెంటు కింద కార్లు నిలిపే చోట ఆమె సైకిలు మీదే తిరిగి, మోకాళ్ళను మళ్ళీ దారికి తెచ్చుకున్నాను. నల్లగీత మీద ఆశ లేదు, పచ్చగీత చాలు, ఆ చెట్ల కింద కొంచెం దూరం తొక్కితే చాలనుకున్నాను.

అక్కడ గుంపును నడిపించే యువకుడు నా నెరిసిన జుట్టు చూసి, నేను పట్టుకున్న హెల్మెట్ చూసి, ముఖం ఇబ్బందిగా పెట్టాడు.

"సారీ ఆంటీ, సిక్స్టీ దాటినవాళ్ళను ట్రైల్ మీద అలౌ చెయ్యం. ఏమైనా అయితే మాకు ప్రాబ్లం. మీరిక్కడ రిలాక్స్ అవండి, టీ, బిస్కెట్లు అన్నీ ఉన్నాయి."

కోడలు వాదించింది, పచ్చదారిలో ఎత్తుపల్లాలే లేవు కదా అంది. నేనూ ఉండబట్టలేక, మీరు నల్లగీత గీసిన దారిలో నా పాతికేళ్ళ లోపే దిగాను నాయనా, అప్పుడు గేర్లూ లేవు, హెల్మెట్లూ లేవు అన్నాను. ఆ పిల్లవాడు "వావ్, గ్రేట్ ఆంటీ!" అని, బడిపిల్ల గీసిన బొమ్మను మెచ్చుకున్నట్టు మెచ్చుకుని, నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి వెళ్ళిపోయాడు. కాదన్నందుకు అంత కోపం రాలేదు గానీ ఆ మెచ్చుకోలు మాత్రం ఒళ్ళు మండించింది. నాకు తోడుగా ఉండిపోతానన్న కోడలిని పంపేసి, చల్లారిన టీ చేతిలో పట్టుకుని ఆ కొండకేసి చూస్తూ కూర్చున్నాను.

మా పుట్టిల్లు ఊరి నడిబొడ్డున బళేపేట. తాతల నాటి గాజుల అంగడి, దాని పైనే ఇల్లు. చదువు కాగానే నాకు ఊరికి ఉత్తరాన వాచీలు బిగించే కార్ఖానాలో పని దొరికింది. బళేపేట నుంచి పోవాలంటే రెండు బస్సులు మారాలి, అవి ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. అందుకని వారం పొడుగునా యలహంకలో మా పిన్ని ఇంట్లో ఉండేటట్టూ, అక్కడి నుంచి కార్ఖానాకు సైకిలు మీద పోయేటట్టూ పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. నా వయసు ఆడవాళ్ళు ఈ మాట చదివితే వాళ్ళకు తెలుస్తుంది, ఒక సైకిలుకు ఒప్పించడానికి ఇంట్లో ఎన్ని రోజుల మౌనాలు, ఎన్ని అలకలు కావాలో. మా నాన్న చివరకు ఒప్పుకున్నది నా మీద నమ్మకంతో కాదు, బస్సుల మీద విసుగుతో.

పిన్ని భర్తను మేము చిన్నాయన అని పిలిచేవాళ్ళం. ఆయన బడిలో డ్రిల్లు మేష్టరు. వారమంతా పిల్లలను ఎండలో నిలబెట్టి ఈల ఊదినా తనివి తీరక, ఆదివారం వస్తే సైకిలు తీసి కొండల మీద పడేవారు. పిన్నికి ఆ పిచ్చి నచ్చేది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. నన్ను వెంట పంపితే ఆయన త్వరగా ఇంటికి వస్తారని పిన్ని లెక్క. ఆమే నాకు కొండలెక్కడానికి వీలుగా పంజాబీ డ్రెస్సు కుట్టిచ్చింది. లెక్క తప్పింది, ఆయన ఒక్కరే ఆలస్యంగా వచ్చే బదులు ఇద్దరం ఆలస్యంగా రావడం మొదలుపెట్టాం.

చిన్నాయన నన్ను ఒకేసారి కొండెక్కించలేదు. మొదట నీలగిరి తోపులో, రాలిన ఆకుల మీద, చదునైన బండిబాట. అందులో చెయ్యి కుదిరాక కొండ భుజం మీదుగా పోయే మేకల దారి, ఎక్కేటప్పుడు తోసుకుంటూ, దిగేటప్పుడు పెడళ్ళ మీద నిలబడి. ఆఖరిది వంక దారి. వానాకాలంలో నీళ్ళు కోసుకుపోయిన వాగు అది, మిగతా రోజుల్లో ఎండి, అటూ ఇటూ ఏనుగంత రాతి గుండ్లతో, కొండ నడినెత్తి నుంచి కింద ఊరి దాకా దిగుతుంది. అందులో ఆయన వెనకాలే దిగేదాన్ని, మరీ నిటారుగా ఉన్న చోట మాత్రం దిగిపోయి సైకిలు నడిపించుకునేదాన్ని. "గుండును చూస్తా పోతే గుండుకే కొట్టుకుంటావు అమ్మణ్ణీ. సందును చూడు, బండి సందులోకే పోతాది" అనేవారు. ఆయన ఎన్నడూ నన్ను పొగిడిన మనిషి కాదు, అలాగని ఆడపిల్లవు నీకు రాదని అన్న మనిషీ కాదు. వాచీల పనిలో భూతద్దం కింద కళ్ళు చిట్లించి వారమంతా గడిపిన నాకు ఆ ఆదివారాలు దూరాన్ని చూపించేవి.

అలాంటి ఒక ఆదివారం, ముందురోజు కురిసిన వానకు వంకంతా తడిగా ఉంది. ఈ రోజు వద్దేమో అన్నాను. ఆయన నవ్వి ముందు దిగారు. రెండో మలుపులో ఆయన ముందు చక్రం పాచి పట్టిన బండ మీద జారింది, ఎగిరి గుండు మీద పడ్డారు. నేను సైకిలు పారేసి పరుగెత్తేటప్పటికి కూర్చోబోయి పడిపోతున్నారు. మోకాలి కింద కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ఏడుపు కూడా రాలేదు నాకు. రెండు నీలగిరి కట్టెలు ఏరి, నా చున్నీ చించి, ఆయన చెప్పినట్టే కాలికి అటూ ఇటూ పెట్టి కట్టాను. కట్టేటప్పుడు ఆయన అరవకుండా తన చొక్కా చెయ్యి కొరుక్కున్నారు.

"నడిచి పోతే చీకటి పడతాది. వంకలోనే దిగు. ఊరు కిందనే ఉండాది."

"నేనొక్కదాన్నే ఎప్పుడూ దిగలేదు చిన్నాయనా."

"ఇప్పుడు దిగు" అన్నారు, పిల్లలకు డ్రిల్లు చెప్పే గొంతుతోనే.

దిగాను. నేను ప్రతిసారీ నడిపించుకునే ఆ నిటారు చోటు కూడా ఆగకుండా దిగాను, ఆగితే మళ్ళీ ఎక్కే ధైర్యం ఉండదని తెలుసు గనక. బ్రేకు కొంచెం కొంచెంగా నొక్కుతూ, ఒళ్ళు వెనక్కు వంచి, గుండ్లను వదిలేసి సందులను మాత్రమే చూస్తూ దిగాను. అడుగున ఒకాయన పొలం గట్టు మీద ట్రాక్టరు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి బట్ట కింద పడేశాడు.

"ఏమమ్మా, ఆ వంకలోనించి సైకిలు మీదనే వస్తివా? ఎవరన్నా తరుముతా ఉండారా?"

సంగతి చెప్పగానే నులకమంచం ఒకటి ట్రాక్టరులో వేసుకుని నలుగురు మనుషులు కొండ చుట్టూ ఉన్న బండిబాట మీదుగా పైకి వెళ్ళారు. చిన్నాయనను మంచం మీదే మోసుకొచ్చి పొద్దు ఉండగానే ఆస్పత్రికి చేర్చాం. ఇంకా ఆలస్యమై ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు పిన్నితో నా ఎదుటే చెప్పాడు.

ఆ మాట ఆస్పత్రి గదిని దాటి బయటకు రాలేదు. మరునాడే మా నాన్న బళేపేట నుంచి వచ్చారు. చిన్నాయన మంచం మీద నుంచే, ఈ బిడ్డ దిగకుంటే నా కాలు పోయుండునప్పా అని చెప్పబోయారు. నాన్న వినలేదు. అప్పటికే నాకొక సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్ళికాని పిల్ల మగవాళ్ళ మాదిరి కొండల మీద సైకిలు తొక్కుతూ తిరుగుతోందని ఆ ఇంటివాళ్ళ చెవిన పడితే ఏమవుతుందన్నదే ఆయన దిగులంతా.

"సైకిలూ వద్దు, కొండా వద్దు. అంగడికొచ్చే నలుగురూ అడుగుతా ఉండారు, నేనేమని చెప్పేది?"

చెప్పవలసింది వాళ్ళే కుదుర్చుకున్నారు. చిన్నాయన ఒక్కరే పోయి పడ్డారు, పశువులు కాసుకునేవాళ్ళెవరో చూసి కాపాడారు. బంధువులందరికీ అదే చెప్పారు, పిన్ని కూడా తల వంచుకుని అదే చెప్పింది. నా సైకిలును మా అంగట్లో పనిచేసే మనిషికి ఇచ్చేశారు, నేను బళేపేటకు తిరిగొచ్చి రెండు బస్సులు మారుతూ కార్ఖానాకు పోయాను. కిటికీ పక్కన చోటు దొరికిన రోజు కొండలు కనబడేవి, అందుకని ఆ వైపు కూర్చోవడం మానేశాను. చిన్నాయన కుంటుతూ నడిచారు గానీ రెండు కాళ్ళ మీదా నడిచారు. పెళ్ళి ఆ సంబంధంతోనే జరిగింది. మా ఆయన మంచివారే, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పారు, ముందు నేను కూర్చోవచ్చన్న ఆలోచన మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఆ కుర్చీలో కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే నాకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. పాతికేళ్ళు నిండకముందు పెళ్ళికాని పిల్లవు వద్దన్నారు, అరవై దాటాక ముసలిదానివి వద్దంటున్నారు. ఆ మధ్య ఏళ్ళలో ఎవరూ వద్దనలేదు, వెళ్ళేదాన్నేమో, కానీ అప్పుడు వంటిల్లు, పిల్లవాడి బడి, అత్తగారి మందులు.

ఎండ ముదిరాక కోడలు తిరిగొచ్చింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ రోజే మొదటిసారి నల్లదారిలో దిగిందట. కారెక్కగానే మా అబ్బాయి ఫోను చేశాడు. దెబ్బ పెద్దదా అని ముందు అడిగాడు, కాదని తెలిశాక వెంటనే "మరి దారి ఎలా ఉంది? చెప్పు, చెప్పు" అన్నాడు. ఆమె చెప్పసాగింది. ఎక్కడ నిటారుగా ఉందో, ఎక్కడ గుండె నోట్లోకొచ్చిందో, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో గాలిలో గీతలు గీస్తూ యలహంక దాకా చెబుతూనే ఉంది, వాడు వింటూనే ఉన్నాడు.

ఎందుకు పోయావని నన్ను ఆనాడు ఇంట్లో అందరూ అడిగారు. ఎవరు చూశారని అడిగారు. దారి ఎలా ఉండిందని ఒక్కరూ అడగలేదు, అలా అడగవచ్చని వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు. ఫోను పెట్టేశాక కోడలికి అంతా చెప్పేశాను, చిన్నాయన, కట్టెలు, ట్రాక్టరు, నాన్న, అన్నీ. ఆమె కారు పక్కకు తీసి ఆపింది. నా వైపు తిరిగి, "అత్తయ్యా, ఆ దారిలో దిగుతుంటే మీకెలా అనిపించింది?" అంది.

ఈ కాలం పిల్లలకు ఇలాంటి ప్రశ్నలకు జవాబులు గడగడా వస్తాయి, చిన్నప్పటి నుంచీ అడిగేవాళ్ళున్నారు గనక. నేను చాలా చెబుదామని నోరు తెరిచాను.

"బాగుండిందమ్మా" అన్నాను.