ఆయమ్మ లెక్కలో యాపిల్

మా గల్లీ ఆయమ్మ పోయిన బుధవారం చనిపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ పాఠం చెబుతున్నాను. "ఆయమ్మ పోయింది బిడ్డా. వచ్చేటప్పుడు పాలు తే," అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పింది. సరే అన్నాను. క్లాసులోకి వెళ్లి, సగంలో ఆపిన గిరాకీ రేఖను ఆపిన చోటి నుంచే గీశాను. సాయంత్రం దబీర్‌పురా స్టేషన్‌లో దిగి పాలు కొన్నాను. ఇంతవరకూ నాకు ఏడుపు రాలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. ప్రభుత్వ దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది, అందుకే అందరికీ ఆయమ్మ. మా ఎదురిల్లు. గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ కూర్చునేది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. నాన్న హమాలీ. అమ్మ చార్మినార్ దగ్గరి దుకాణాల కోసం ఇంట్లోనే గాజులకు రాళ్లు అతికిస్తుంది. నాకు వేళ్లు తిరగడం మొదలవగానే నన్నూ ఆ పనిలో కూర్చోబెట్టబోతే ఆయమ్మ అడ్డుపడింది. "పోరికి పలకియ్యి. రాళ్లు నేనతికిస్త," అంది. మాట వరసకు అనలేదు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, అమ్మ పక్కన కూర్చునేది. ఆమె అతికించిన రాళ్లన్నీ వంకరగా ఉండేవి. ఆమె వెళ్లాక అమ్మ వాటిని ఊడదీసి మళ్లీ అతికించుకునేది. ఆ సంగతి ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు. నేను చదువుకున్నది ఆ వంకర రాళ్ల పక్కనే.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరి చేతిలోనైనా యాపిల్ పండ్లు, ఆమె మాటలో సేపుపండ్లు, కనిపిస్తే చాలు, "ఎవరు పడ్డరు దవాఖానల?" అని అడిగేది. ఆమె ఉద్యోగం చేసిన రోజుల్లో యాపిల్ అంటే రోగి పండు. చలికాలం ముందు కాశ్మీరు నుంచి ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో వచ్చేది. ఆ నాలుగు నెలలు దాటితే పెద్ద దుకాణాల్లో వెతుక్కోవాలి. మాలాంటివాళ్లు దాన్ని కొంటే మంచం పట్టినవాళ్ల కోసమే కొనేవాళ్లు. ఆమె యాపిళ్లను చూసిందంతా వార్డులో, మంచాల పక్కనున్న చిన్న బీరువాల మీద.

మా గల్లీ చివరింటి ఆటో అన్న పిల్లల కోసం తరచూ పండ్లు తెచ్చేవాడు. "ఎవరు పడలే ఆయమ్మా, పోరగాళ్లు తింటమన్నరు," అంటే ఆమె నమ్మేది కాదు.

"దాస్తున్నవ్ రా. మీ అమ్మకేమన్న అయిందా?"

"మా అమ్మకేమైతది? పొద్దుగాల్నే నాతోని లొల్లి పెట్టుకున్నది."

ఆ తర్వాత ఆటో అన్న ఆమె కుర్చీ ముందు నుంచి వెళ్లేటప్పుడు సంచీని వీపు వెనక పెట్టుకుని నడిచేవాడు. అయినా ఆమె కంట పడేది.

డిగ్రీలో నా ప్రాజెక్టు కూడా యాపిల్ మీదే. మన దేశంలో మనుషులు తినడానికి అందుతున్న యాపిల్ ఏళ్ల మీద ఎలా మారిందో చూడాలి. ఇక్కడ పండినదానికి బయటి నుంచి వచ్చింది కలపాలి. బయటికి పోయింది, కుళ్లింది తీసేయాలి. మిగిలినదాన్ని జనంతో భాగించాలి. కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి, ఓడల్లో స్టిక్కర్ల పండ్లు వచ్చాయి. ఇప్పుడు నడి ఎండాకాలంలో కూడా చార్మినార్ చుట్టూ బండ్ల మీద యాపిళ్లు గుట్టలుగా ఉంటాయి. గ్రాఫులో నా గీత అక్కడక్కడా కిందికి జారినా మొత్తం మీద పైకే వెళ్లింది. మంచి మార్కులు వచ్చాయని ఆయమ్మకు చూపించాను. ఆమె గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా వెళ్లింది. చివర వేలు ఆగింది.

"గింతమంది బీమారున్నరా బిడ్డా?"

రోగాలు కాదు, జనం మామూలుగా తింటున్నారని ఓపికగా చెప్పాను. అంతా విని, పానం బాగున్నోళ్లు జామకాయ తినక దీన్ని ఎందుకు తింటారని అడిగింది.

ఈ ఎండాకాలం ఆమె కడుపులో గడ్డ బయటపడితే దవాఖానలో చేర్చారు. చేయడానికి ఏమీ లేదని డాక్టర్లు కొడుకుతో చెప్పారు. ఆమెకు చెప్పొద్దని కొడుకు అందరినీ బతిమాలాడు. ఒక మాట ప్రత్యేకంగా చెప్పాడు: ఎవరూ యాపిల్ పండ్లు తీసుకెళ్లకూడదు, చూస్తే కనిపెడుతుంది. గల్లీ అంతా ఆ మాట మీద నిలబడింది. సంత్రాలు, దానిమ్మలు, అరటిపండ్లు పట్టుకెళ్లాం. ఆటో అన్న జామకాయలు ఇచ్చి వచ్చాడు.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆమె పక్క మంచం వైపు చూపించింది.

"గామెకు కాలిరిగింది, గంతే. సేపుపండ్లు తెచ్చిన్రు. నాకెవ్వరు తెస్తలేరు. అందరు గలిసి అనుకుంటెనే గిట్లయితది." నా వైపు తిరిగి మళ్లీ అంది. "కొడుకునడిగితే ఏడుస్తడు. నువ్వు చెప్పు బిడ్డా. నాకు తెలిస్తే నా ఇంటికి నేను పోత."

మంచం మీదున్నోళ్లకు అబద్ధం చెప్తే వాళ్లు మన మొఖం చూసుడు బంద్ చేస్తరని, వార్డు సంగతులు చెప్పేటప్పుడు ఆమే అనేది. ఇప్పుడు నా మొఖమే చూస్తోంది. లేచాను. కిందికి వెళ్లి గేటు దగ్గరి బండి మీద ఒక్క యాపిల్ కొన్నాను. పైకి వచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని తిప్పి చూసింది. వాసన చూసింది. గోరుతో స్టిక్కర్ తీసి నా ముంజేతికి అతికించింది. అది కూడా వంకరగానే అతుక్కుంది.

"నాతోని గాదు, నువ్వు తిను," అంది. "నీ పానం మంచిగున్నది గద. నీ గీత నిజమో కాదో చూస్త."

ఆమె చూస్తుండగా పండంతా తిన్నాను. పిండి నమిలినట్టుంది. తియ్యగున్నదా అని అడిగింది. ఉన్నది అన్నాను.

మర్నాడు ఆమే కొడుకుతో చెప్పి ఇంటికి వచ్చేసింది. మంచం గడపకు ఎదురుగా వేయించుకుంది. అక్కడి నుంచి గల్లీ కనిపిస్తుంది. అక్కడే పోయింది.

కుర్చీని ఇంకా ఎవరూ లోపలికి తీయలేదు. నిన్న సాయంత్రం నేను మా గడపలో నిలబడి ఉండగా ఆటో అన్న గల్లీలోకి వచ్చాడు. చేతిలో యాపిళ్ల సంచీ ఉంది. ఆయమ్మ ఇంటి దగ్గరికి రాగానే నడక తగ్గించాడు. సంచీని వీపు వెనక్కి పెట్టుకుని, ఖాళీ కుర్చీ దాటేదాకా అలాగే నడిచాడు.