ఆళ్లగడ్డలో వెలసిన అఆలు

మా కాలంలో ఉద్యోగమంటే జీతం కన్నా ముందు ఉత్సాహం వచ్చేది. డెబ్భైల చివర్లో నంద్యాలలో బాలబడి శిక్షణ ముగించుకుని, ఆళ్లగడ్డ శివారులోని ఒక రేకుల గదికి టీచరమ్మనై బయలుదేరిన రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. పిల్లలకు ఆటపాటలతో అక్షరాలు ఎలా నేర్పబోతున్నానో బస్సులో పక్కావిడకు పూసగుచ్చినట్టు చెప్పాను (ఆవిడ శిరివెళ్లలో దిగిపోయింది. అక్కడ ఆవిడకు పని ఉందనే ఇప్పటికీ నమ్ముతున్నాను).

కొద్ది రోజులకే మా సూపర్‌వైజరమ్మ వచ్చి, ఖాళీ పలకల్నీ కునుకుతున్న పిల్లల్నీ చూసి, "మళ్లీ నేనొచ్చేసరికి వీళ్లకు అక్షరాలు రాకపోతే ఈ బాలబడి ఎత్తేస్తాం" అని తేల్చేసింది. బడి ఎత్తేస్తే కూలికి పోయే తల్లులు పిల్లల్ని చేనిగట్ల మీద పడుకోబెట్టుకోవాలి. నేను నంద్యాలకు తిరిగి వెళ్లి పెళ్లిచూపులకు కూర్చోవాలి. రెండూ జరగడానికి వీల్లేదు. ఊళ్లో పాత శుభలేఖలన్నీ అడిగి తెచ్చి, మైదాపిండి జిగురుతో అట్టలు అంటించి, పెద్ద పెద్ద అక్షరాలు రాసి గోడ పక్కన ఎండబెట్టాను. మేకలు వచ్చి 'అ' నుంచి 'అః' దాకా వరుస తప్పకుండా తినేశాయి.

పక్కింట్లో ఒక శిల్పి ఉండేవాడు. పిల్లలంతా ఉలి మామ అనేవాళ్లు. నా ఏడుపు మొహం చూసి, "కాగితమైతే మేక తింటాది, చెక్కయితే చెదలు తింటాది. రాతిని ఏది తింటాది పాపా?" అన్నాడు. పనిలో మిగిలిన రాతిముక్కలు ఏరి, అరచేతి పొడవున ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం లోతుగా చెక్కిచ్చాడు. పిల్లలు వేలు పెట్టి దిద్దుకోవచ్చు! సంతోషం పట్టలేక, కంటికి ఇంపుగా ఉంటాయని రాళ్లకు పసుపు రంగు, అక్షరాలకు ఎర్ర రంగు వేసి, ఆరడానికి బడి ముందు వేపమాను మొదట్లో వరుసగా నిలబెట్టి ఇంటికి వెళ్లాను. అది గురువారం సాయంత్రం. తెల్లవారితే శుక్రవారమని చూసుకోవాలని మా శిక్షణలో ఎవరూ నేర్పలేదు.

పొద్దున వెళ్లేసరికి నా అక్షరాల ముందు కొబ్బరిచిప్పలు, నిమ్మకాయలు, వేపాకులు. ఒక రాయిని ఎత్తబోయాను.

"దేవుళ్లను యాడికి మోసకపోతాండావ్ టీచరమ్మా?" అంది ఎదురింటి అవ్వ.

"దేవుళ్లు కాదవ్వా, ఇవి అక్షరాలు."

"అక్షరాలైతే ఏంది? దసరాకు నువ్వు పుస్తకాలకు బొట్టు పెట్టవా?"

(పెడతాను. శిక్షణ పుస్తకానికి కూడా పెట్టాను.) అప్పటికే ఒకామె మొక్కుకోవడం, ఆమె బిడ్డకు జ్వరం తగ్గడం కూడా అయిపోయాయట. ఇక ఆ రాళ్లు గదిలోకి రావని అర్థమైంది. సరే, గదినే చెట్టు కిందికి తెచ్చాను. రోజూ పిల్లలు వరుసగా వచ్చి రాయికి బొట్టు పెట్టాలి, వేలితో దిద్ది పేరు చెప్పాలి, చెప్పినవాళ్లకు పప్పులూ బెల్లం ప్రసాదం. పిలవకుండానే పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నాకైతే ఏనుగెక్కినంత సంబరం.

ఆ సంబరంలో ఉండగానే సూపర్‌వైజరమ్మ దిగింది. "చెప్పులు ఆడ ఇడ్సి రామ్మా" అని అవ్వ ఆపేసింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"బడి పెట్టమంటే గుడి పెట్టినావా? రాళ్లను గుర్తుపట్టడం చదువేనా?" అని, అందరికంటే చిన్నదాన్ని, ఇంకా ముక్కు కారుతున్న పిల్లను పిలిచి, పలక మీద సుద్దతో 'మ' రాసి ముందు పెట్టింది. ఆ పిల్ల పలక వైపు చూసింది, నా వైపు చూసింది, నోరు తెరవలేదు. నాకు నంద్యాల బస్సు కళ్లకు కట్టింది.

ఉన్నట్టుండి ఆ పిల్ల చెట్టు దగ్గరికి పరుగెత్తి, వేలికి కుంకుమ అద్దుకొచ్చి, పలక మీది అక్షరానికి జాగ్రత్తగా బొట్టు పెట్టి, "మ" అంది. అని, ప్రసాదం కోసం సూపర్‌వైజరమ్మ ముందు చెయ్యి చాపింది.

ఆవిడ నా చేతిలోంచి బెల్లంముక్క తీసుకుని తనే ఆ చేతిలో పెట్టింది. బడి నిలిచింది.

"మా పిల్ల బడి నడపను పోయి దేవుళ్లను నిలబెట్టొచ్చిందప్పా" అని మా నాయన నంద్యాలంతా చెప్పుకుని నవ్వాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే, రంగు చేతులతో వేపమాను కింద నిలబడి లోకాన్నే చదివించేస్తానని మురిసిపోతున్న ఆ టీచరమ్మ పిల్ల నాకు ముద్దొస్తుంది. పక్కన కూర్చుని ఇంకోసారి ఆ కబుర్లన్నీ చెప్తానంటే, శిరివెళ్లలో దిగకుండా చివరిదాకా వింటాను.