గార్డు మావయ్య పట్టిన రెండు నిమిషాలు

పోయిన మంగళవారం పొద్దున్నే ఈ హిందీ ఊళ్లో, అగ్రికో కాలనీలో మా క్వార్టరు ముందు రిక్షా ఆగింది. దిగింది గార్డు మావయ్యగారి పెద్ద మనవరాలు. కాలేజీలో చదువుతోంది. నేను తెలుగులో ఏమడిగినా హిందీలో గడగడా జవాబు చెప్పే పిల్ల, ఆ పూట గేటు పట్టుకుని, "అత్తా, తాత... చలే గయే" అని, పోయారన్న ఆ ఒక్క ముక్క మాత్రం అనగలిగింది. స్టవ్వు ఆర్పేసి, అదే రిక్షాలో బయల్దేరాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఈ ఊళ్లోనే పర్సుడీహ్ పేటలో మా పుట్టింటి పక్కింటాయన. గూడ్సు బళ్లకు గార్డు. ఆయన పచ్చజెండా ఊపితే గానీ బండి కదలదని చిన్నప్పుడు మాకు గొప్పగా ఉండేది. రోజూ పొద్దున రేడియోలో వార్తల ముందు మోగే గంటను బట్టి వాచీ సరిచేసుకునేవారు. అత్తయ్య భోజనానికి పిలిస్తే "రెండు నిమిషాలు" అనేవారు. సరిగ్గా రెండు నిమిషాలకే పీట మీద కూర్చునేవారు. అంత కచ్చితమైన మనిషితో కాపురం ఎలా చేశావని అత్తయ్యను అడగాలని నాకు ఎప్పుడూ ఉండేది.

మన తెలుగువాళ్ల సంతాప సభల్లో ఆయనకొక పని ఉండేది. రెండు నిమిషాల మౌనం అంటారు గానీ, నలభై సెకన్లకే ఎవరో గొంతు సవరించుకుంటారు, కుర్చీలు కిర్రుమంటాయి. అందుకని ఆయన్ని నిలబెట్టేవారు. చెయ్యెత్తితే మొదలు, దించితే అయిపోయినట్టు. నేను కాసిడీహ్ బళ్లో లెక్కల టీచర్ని. నమ్మకం కన్నా అనుమానం ఎక్కువ. ప్రతిసారీ కొంగు చాటున నా వాచీ చూసేదాన్ని. ఒక్కసారీ తప్పలేదు. బయటికొచ్చాక ఆయనే నవ్వేవారు: "ఏటమ్మా, నీకు దొరికేనా నాను ఈవేళైనా?"

దొరికారు. ఒకే ఒక్కసారి.

మావయ్యగారి రైల్వే యూనియనుకు ఒకప్పుడు పెద్ద నాయకుడు ఒకాయన ఉండేవారు. సమ్మె రోజుల్లో ఆయన మాట మీద మావయ్య డ్యూటీ మానేసి, సస్పెండయ్యారు. తీరా ఆ నాయకుడు సస్పెండయినవాళ్ల ఊసు లేకుండానే రాజీ కాగితం మీద సంతకం పెట్టేశారు. మావయ్య నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. తర్వాత ఉద్యోగం తిరిగొచ్చినా ఆ నాయకుడితో మాట్లాడలేదు. ఎదురుపడితే రోడ్డు దాటేసేవారు. అలా నాలుగేళ్లు. ఈలోగా యూనియను రెండుగా చీలింది, ఆ నాయకుడి పదవి పోయింది, ఒకరోజు గుండె ఆగి ఆయనా పోయారు.

సంతాప సభకు రెండు రోజుల ముందే ఫోటో మీద ఏ వర్గం జెండా కప్పాలని గొడవ మొదలైంది. ఆయన భార్య మావయ్యగారింటికి వచ్చింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అన్నయ్యా, మీకు ఆయన మీద కోపవని నాకు తెల్సు. అయినా ఆ ఫోటో ముందు కొట్టుకోకుండా సూడండి. ఆయన పేరున రొండు నిమిషాలు అందరూ ఊరుకుంటే సాలు నాకు."

మావయ్య అప్పటికే కీ ఇచ్చిన వాచీకి మళ్లీ కీ తిప్పుతూ కూర్చున్నారు.

సభలో ఆయన పదవిలోకి వచ్చిన కొత్త నాయకుడు మైకు దగ్గరికి రాగానే ఒక పక్కనుంచి "వాపస్ జావ్!" అని, వెనక్కి పొమ్మని అరుపులు. రెండో పక్కనుంచి జిందాబాద్‌లు. జెండాలు కిందికి దిగి కర్రలు మాత్రం పైకి లేచాయి. ముందు వరసలో ఆ ఇల్లాలు కూతురి చెయ్యి పట్టుకుని తలొంచుకుంది.

అప్పుడు విజిల్ మోగింది. డ్యూటీ దిగి తెల్ల యూనిఫారంతోనే వచ్చిన మావయ్య, స్టేజీ మీద. రైలు పనివాళ్లు కదా, విజిల్ వినగానే అన్ని తలలూ అటు తిరిగాయి. "దో మినట్ కా మౌన్" అని చెయ్యెత్తారు. అందరూ లేచి నిలబడ్డారు.

నేను అలవాటుగా వాచీ చూశాను. రెండు నిమిషాలయ్యాయి. చెయ్యి దిగలేదు. మూడు. నాలుగు. కొత్త నాయకుడు కూడా తన వాచీ చూసుకున్నాడు. కానీ ముందు కూర్చునేదెవరు? కూర్చుంటే పోయినాయన్ని అవమానించినట్టే, అవతలివాళ్లు ఊరుకుంటారా? అలా రెండు వర్గాలూ ఇరుక్కుపోయాయి. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. పక్కనున్న రైల్వే యార్డులో వ్యాగన్లు తగులుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఐదో నిమిషంలో ఆ ఇల్లాలు ఏడవడం వినిపించింది. భర్త పోయిన రోజు నుంచీ ఆమె ఏడవలేదని తర్వాత తెలిసింది. కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఏడు నిమిషాలకు ఆయన చెయ్యి దించారు. కొత్త నాయకుడు రెండు ముక్కలు మాట్లాడి దండం పెట్టి దిగిపోయాడు.

"మావయ్యా, ఏడు నిమిషాలైంది!" అన్నాను బయట.

"నీ వాచీ బాగుసేయించుకోమ్మా" అని సైకిలెక్కేశారు.

గొడవ ఆపడానికే అలా చేశారని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను గానీ, మనసు ఊరుకోలేదు. కర్రలు దిగిపోయాక కూడా ఆయన చెయ్యి దించలేదు కదా! కలిసినప్పుడల్లా అడిగేదాన్ని, ఆయన దాటేసేవారు. మొన్న చలికాలం, ఆయన ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు మళ్లీ అడిగాను.

"ఒగ్గవు గదా నువ్వు," అన్నారు. "రొండు నిమిషాలు ఆవిడ అడిగినాది. మిగతావి నావి. నాలుగేళ్లు మాటాడనేదు గదమ్మా ఆయనతోటి" అన్నారు.



నిన్న మా తెలుగు హాలులో ఆయన సంతాప సభ జరిగింది. ఆనాడు కర్రలెత్తిన రెండు వర్గాలవాళ్లూ, జుట్టు నెరిసి, ఒకే బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. రెండు నిమిషాల మౌనం అన్నారు, లేచాం. అందరి కళ్లూ అలవాటుగా ఆయన నిలబడే చోటికి వెళ్లాయి. అక్కడ చెయ్యెత్తేవాళ్లు గానీ, దించేవాళ్లు గానీ ఎవరూ లేరు. చాలాసేపైంది. ఎవరూ కూర్చోలేదు. నా చేతికి వాచీ ఉంది. నేను చూడలేదు.