సోరిన్ చెప్పిన ‘నొప్పి లేదు’

కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన రెండో చలికాలం అది. భిలాయిలో రుఆబాంధా దగ్గర నాకు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. రెండు బల్లలు, ఒక అల్ట్రాసౌండ్ యంత్రం, గోడ మీద చెక్క సిలువ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉక్కు ప్లాంటులో నడుములు, మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లే. ఆ డిసెంబరులో మాత్రం ఒక ఫుట్‌బాల్ ఆటగాడు వచ్చాడు. టౌన్‌షిప్ మైదానంలో టోర్నమెంటు ఆడటానికి కలకత్తా నుంచి వచ్చిన జట్టువాడు. పేరు సోరిన్, దేశం రొమేనియా, వయసు ముప్ఫై నాలుగు. మిడ్‌ఫీల్డర్. అంటే మైదానం మధ్యలో ఉండి, వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు చేరవేసేవాడు. జట్టులో అందరికంటే ఎక్కువ పరుగెత్తేది అతనే.

అతను తిరిగిన దేశాలన్నీ కాళ్ల మీద కనిపించాయి. ఎడమ మోకాలి మీది కుట్లు సైప్రస్‌లో పడ్డవి. చీలమండ దగ్గర గుంట ఒమాన్‌లోది. పిక్క మీది మచ్చ మాల్దీవుల్లోది.

“ఇండియా నాకింకా ఏమీ ఇవ్వలేదనుకున్నాను డాక్టర్,” అన్నాడు తడబడే ఇంగ్లీషులో, కుడి తొడ వెనక చెయ్యి పెట్టుకుని.

బుధవారం సెమీఫైనల్లో పరుగెడుతూ అక్కడే పట్టుకుని కూలబడ్డాడట. తొడ వెనక కండరాన్ని హామ్‌స్ట్రింగ్ అంటాం. అది గ్రేడ్ వన్ దెబ్బ అయితే పోగులు సాగినట్టు, త్వరగానే సర్దుకుంటుంది. గ్రేడ్ టూ అయితే కొన్ని తెగినట్టు. ఆ కాలితో ఆడితే మిగిలినవీ తెగవచ్చు. ఆ వయసులో అలా తెగితే ఆట ముగిసినట్టే. వాపు వల్ల ఏదీ తేల్చలేకపోయాను. ఎంఆర్ఐ తీయించమంటే జట్టు మేనేజరు ఫైనల్ అయ్యాక చూద్దామన్నాడు. ఫైనల్ ఆదివారం. శనివారం మళ్లీ చూసి, ఆడవచ్చో లేదో ఫిట్‌నెస్ ఫారం మీద సంతకం చేస్తానన్నాను.

సోరిన్ ఒప్పందం ఆ టోర్నమెంటుతో సరి. గోవా నుంచి ఒక క్లబ్బువాళ్లు ఫైనల్లో అతని ఆట చూడటానికి వస్తున్నారు.

“పదహారేళ్లుగా ఇంటికి వెళ్లడమంటే నాకు సెలవు. వాళ్లు నన్ను చూడకపోతే, ఈసారి వెళ్లేది సెలవు మీద కాదు,” అన్నాడు.

అప్పుడే గోడ మీది సిలువ చూసి, తన సంఘం పద్ధతిలో కుడి భుజం ముందు తాకుతూ సిలువ గుర్తు వేసుకున్నాడు. కిట్ బ్యాగులోంచి అరచేతిలో పట్టే మరియమ్మ పటం తీసి ముద్దు పెట్టుకున్నాడు. మా సంఘంలో పటాలకు చోటు లేదు. నా మనసు ఒక్క క్షణం ముడుచుకుంది. కానీ “నాకోసం ప్రార్థిస్తారా?” అని అడిగినవాణ్ణి కాదనే అధికారం నాకెవరిచ్చారు?

శుక్రవారం మధ్యాహ్నం అతన్ని వైశాలి నగర్‌లో మా తెలుగు సంఘం ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లాను. పాస్టరుగారు అతని నుదుటికి తైలం రాసి, తొడ మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. మా సంఘంలో ఒక వాడుక ఉంది. తైలం రాసిన తర్వాత ఇంకా నొప్పి ఉందని నోటితో అనకూడదు. అంటే అవిశ్వాసానికి తలుపు తీసినట్టు. పాస్టరుగారు ఆ మాటే తెలుగులో చెప్పారు. ఇంగ్లీషులో సోరిన్‌కు చెప్పింది నేనే. అతను కోచ్ మాట విన్నట్టు శ్రద్ధగా తల ఊపాడు. తర్వాత లేచి నిలబడి, “నో పెయిన్. థాంక్యూ జీసస్,” అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను.

శనివారం పొద్దున మేనేజరు ఫారం పట్టుకుని వచ్చాడు. ప్లాంటులో కోక్ ఓవెన్స్ బొగ్గు బట్టీల దగ్గర పనిచేసి రిటైరైన మా సంఘ పెద్ద యోహాను మావ కూడా, అద్భుతాన్ని కళ్లారా చూడాలని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

సోరిన్‌ను బోర్లా పడుకోబెట్టి తొడ నొక్కాను. “నొప్పి ఉందా?”

“లేదు డాక్టర్.”

మోకాలు మడవమని, నా చేత్తో అడ్డుపట్టాను. “ఇప్పుడు?”

“లేదు.”

వెల్లకిలా తిప్పి కాలు నిటారుగా లేపాను. ఎడమ కాలు సులువుగా లేచింది. కుడికాలు సగం దాటాక ఆగింది. అతని ఊపిరీ ఆగింది. “నొప్పి?”

“నో పెయిన్.”

“ఏటి ప్రసాదూ, తైలం రాసీసినాక ఇంకా నొక్కి సూడ్డమేటి?” అన్నాడు యోహాను మావ. “దేవుడికే పరీచ్చ పెట్టీస్తన్నావేటి?”

“జల్దీ కీజియే డాక్టర్ సాబ్,” మేనేజరు గడియారం చూసుకున్నాడు. “టీమ్ లిస్ట్ పన్నెండుకల్లా ఇవ్వాలి.”

ఫారం మీద పేరు రాశాను. తేదీ వేశాను. సంతకం దగ్గరికి కలం వచ్చేసరికి సోరిన్ బల్ల దిగుతున్నాడు. ఎడమ పాదం ముందు ఆనించి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, కుడికాలిని మెల్లగా జార్చాడు. పై పెదవి మీద చెమట. డిసెంబరు చలిలో.

నా చెయ్యి ఆగిపోయింది. నొప్పి ఉందా అని నేను అడుగుతున్నాను. విశ్వాసం ఉందా అని అడుగుతున్నట్టు అతనికి వినబడుతోంది. ఆ జవాబు నిన్న నేను నేర్పిందే.

అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. “సోరిన్, బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివాడి మీద చేతులుంచాడు, గుర్తుందా? ఏమైనా కనిపిస్తోందా అని ఆయనే అడిగాడు. మనుషులు నడిచే చెట్లలా ఉన్నారన్నాడు వాడు. సగమే బాగయిందని వాడు ప్రభువు ముఖం మీదే చెప్పాడు. ఆయన కోప్పడలేదు. మళ్లీ చేతులుంచాడు. ఇప్పుడు చెప్పు. ఎంతవరకు తగ్గింది?”

అతను జేబులోంచి మరియమ్మ పటం తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. “కత్తి, డాక్టర్. లోపల కత్తి తిరుగుతోంది,” అన్నాడు. “చెబితే, ఇచ్చింది దేవుడు వెనక్కి తీసుకుంటాడేమోనని భయమేసింది.”

ఫారం మీద ‘అన్‌ఫిట్’ అని రాసి సంతకం చేశాను.

“అరే, దర్ద్ నహీ, నొప్పి లేదని ముందు వాడే అన్నాడు కదా!” మేనేజరు ఫారం లాక్కున్నాడు. “వాడి పొట్ట మీద కొట్టారు సాబ్.”

యోహాను మావ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. అదే ఎక్కువ తగిలింది.

సోరిన్ ఫైనల్‌ను బెంచీ మీద కూర్చుని చూశాడు. గోవావాళ్లు మరో ఆటగాణ్ణి తీసుకున్నారు. సోమవారం రాయపూర్‌లో తీసిన ఎంఆర్ఐలో కండరం సగానికి పైగా తెగి ఉంది. రైలెక్కే ముందు అతను నా చెయ్యి పట్టుకున్నాడు కానీ నవ్వలేదు. ఏడాది తిరిగాక మాల్టా నుంచి ఫోటో పంపాడు. అక్కడో చిన్న క్లబ్బు, రెండో సగంలో మాత్రమే దింపుతున్నారట. అయినా ఆడుతున్నాడు. నేను సంతోషంతో ఏడ్చాను. అయితే ఆ గోవా క్లబ్బు పేరు ఎక్కడ విన్నా ఇప్పటికీ గుండెలో ఏదో కదులుతుంది.

సోరిన్ వెళ్లిన వారానికి, క్లినిక్ తెరవగానే యోహాను మావ వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, అటూ ఇటూ చూసి, ప్యాంటు మోకాలి పైదాకా మడిచాడు. మోకాలు ఉబ్బి ఉంది.

“మూడేళ్ల కిందట తగ్గిపోనాదని సంఘంలో సాచ్చెం సెప్పీసినాను బాబూ. అందరూ సప్పట్లు కొట్టినారు. ఇంకెలా సెప్పేది?”

ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. విశ్వాసంలో నిజం చెప్పడానికి చోటుండాలని, ఆ చోటు మనమే మూసేస్తున్నామని నాకు తెలిసింది ఆ రెండు కాళ్ల వల్లే. అప్పటినుంచి నా బల్ల మీద పడుకున్నవాణ్ణి, సంఘంలో నా పక్కన మోకరించినవాణ్ణి, ఒకే మాట అడుగుతున్నాను. ఆ పొద్దున మావనూ అదే అడిగాను.

“ఎంతవరకు తగ్గింది మావా?”

ఆయన గోడ మీది సిలువ వైపు చూశాడు. “సగం,” అన్నాడు. “సగమే బాబూ.”

మోకాలి మీద చెయ్యి వేశాను.