రూతు అందుకున్న బంతి

ఇరవై రెండేళ్లుగా ఒక విజిల్‌ను మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో మెట్‌పల్లిలో మా బాస్కెట్‌బాల్ కోర్టు ఎర్రమట్టి నేలే. పొద్దున్నే నీళ్లు చల్లి, చిల్లుల డబ్బాతో సున్నం గీతలు పోసేవాళ్లం. సగం ఆటకే నడిమి గీత పిల్లల కాళ్ల కింద చెరిగిపోయేది. మళ్లీ పోసేవాళ్లం. ఆ తడిమట్టి వాసన, చెక్క బోర్డుకు బంతి తగిలే చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. నేను అక్కడ పీఈటీని. రిఫరీ పరీక్ష పాసై నెల కూడా కాలేదు.

ఆ రోజు ఆడపిల్లల ఫైనల్. గెలిచిన జట్టులోంచే జిల్లా టీమును తీయడం మా దగ్గర అలవాటు. జిల్లాకు ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, పైచదువు. మిషన్ వాడ జట్టుకు రూతు కెప్టెన్. కూలికి పోయే ఇంటి పిల్ల. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనక ఉన్నారు. రూతు బంతితో నడిమి గీత దాటి ముందుకొచ్చింది. ఎదుటి పిల్ల చెయ్యి విసిరింది. వేళ్లు తగిలి బంతి మళ్లీ గీత వెనక్కి దొర్లింది. రూతు ఉరికి అందుకుంది.

గీత దాటాక బంతిని తామే వెనక్కి తెస్తే తప్పు. ఎదుటివాళ్ల చెయ్యి తగిలి వెనక్కి పోతే కాదు. నాకు తెలుసు. తగలడం చూశాను కూడా. అయినా రూతు బంతి అందుకోగానే ఊదేశాను.

"సార్, గా పిల్ల చెయ్యి తాకింది. మీరు గూడ సూసిండ్రు," అంది రూతు.

"నాకే రూల్సు నేర్పుతవా?"

"నేర్పుతలేను సార్. తాకిందా లేదా, గది చెప్పుండ్రి."

జనంలోంచి ఎవరో, "కొత్త సారు, కొత్త విజిలు, జర ఊదుకోనియ్యుండ్రి," అన్నారు. అందరూ నవ్వారు.

"తాకలే. పో," అన్నాను.

విజిల్ పొరపాటు. ఆ మాట అబద్ధం. పొరపాటున ఊదానని చెప్పి బంతి వాళ్లకే ఇప్పిస్తే సరిపోయేది. ఆ నవ్వు వినపడకపోతే చెప్పేవాణ్నా? వాళ్లు ఓడిపోయారు. రూతు పదితో చదువు ఆపేసింది. నేను ఊదకపోయినా వాళ్లు గెలిచేవాళ్లని చెప్పలేనని, గెలిచినా హాస్టల్ సీటు వచ్చేదో లేదోనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, అలా చెప్పుకోవడం కూడా తప్పించుకోవడమేనని తెలిసే.

కొన్నేళ్ల తర్వాత రూతు అంగట్లో ఎదురైంది. నమస్తే పెట్టి, ఈ సారు మా మ్యాచులకు రిఫరీ అని పక్కనున్న కూతురికి చెప్పింది. పాప ఆడుతుందా అని అడిగాను. అంతే అడిగాను.

ఇప్పుడు కొత్త రిఫరీలకు క్లాసులు చెప్తున్నాను. ఈ నియమం వచ్చినప్పుడల్లా, ఎక్కడో ఒకాయన ఇట్లా ఊదాడట అంటాను. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ ఒకాయన నేనే. రూతూ, గా పిల్ల చెయ్యి తాకింది. నేను సూసిన.