బతికి ఉన్నట్టు వేలిముద్ర

గదిలో ముగ్గురం ఉన్నాం: నేను, పలాసలో నెట్ సెంటర్ నడిపే స్నేహితుడు, మా వీధి పిన్ని. బల్ల మీద విండోస్‌కు బదులు లినక్స్ వేసుకున్న నా పాత కంప్యూటర్, స్నేహితుడు తెచ్చిన వేలిముద్ర మిషన్, పిన్ని పింఛను కాగితాలు.

తాను బతికే ఉన్నట్టు పిన్ని వేలిముద్ర వేయడానికి ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు. దాటితే పింఛను ఆగిపోతుంది. సెంటర్‌లో కంప్యూటర్ పాడైందని స్నేహితుడు ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ మిషన్ విండోస్‌కు చేసినది. లినక్స్‌తో ఇలాంటి తంటాలు నాకు కొత్త కాదు. అప్‌డేట్ అయినప్పుడల్లా ప్రింటర్ మాయమవుతుంది, హెడ్‌ఫోన్లో మైకు పలకదు, ఆరిన స్క్రీన్ మళ్లీ వెలగదు. ఒక్కోదానికి ఒక్కో ఆదివారం పోయింది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది వేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది, మిషన్‌లో ఎర్రలైటు వెలిగింది. పిన్ని బొటనవేలు పెట్టింది.

‘వేలిముద్ర అందలేదు, మళ్లీ పెట్టండి’ అని వచ్చింది.

ముగ్గురమూ ఆమె వేళ్లకేసి చూశాం. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులు. పిక్కల నూనెకు కాలి, వేళ్ల కొసలు నల్లగా, నున్నగా ఉన్నాయి.

"పిక్కలు కొట్టినోళ్ల ఏళ్లు ఏ మిషనూ పట్టదు బావా. నిమ్మకాయుంటే రాయి" అన్నాడు స్నేహితుడు.

నిమ్మకాయ రాశాం. సబ్బుతో కడిగించాం. కొబ్బరినూనె పట్టించి తుడిచాం. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించాను.

"గట్టిగా నొక్కు పిన్నీ."

"ఏటి బావూ, ఇంకెంత నొక్కీది? నాను బతికున్నానని నువ్వైనా సెప్పు దానికి."

స్నేహితుడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఐదు దాటింది.

వాళ్లు వెళ్లాక, కంప్యూటర్‌లో జరిగిందంతా నమోదయ్యే లాగ్ తెరిచాను. నేను వేసిన సాఫ్ట్‌వేర్ ఆ మిషన్‌ను ఒక్కసారి కూడా అందుకోలేదు. ఎర్రలైటు కేవలం కరెంటుకు వెలిగింది. ఆ సందేశం వేలు పెట్టినా పెట్టకపోయినా వచ్చేదే.

చెప్పడానికి పిన్ని ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేతులు వేడినీళ్లలో నానబెట్టుకుంటోంది.

"నా ఏళ్లే సచ్చిపోనాయి బావూ. నువ్వేటి సేత్తావు" అంది.

అవునన్నట్టు తలూపి వచ్చేశాను.

ఆమె వేలు పెట్టింది నలభై మూడుసార్లు. కంప్యూటర్‌కు చేరినవి సున్నా.