సున్నాకు వీపు పెట్టి

మొన్న గురువారం మా సారు పోయారు. వజ్రకరూరు దారిలో ఒక మలుపు దగ్గర, ఎండలో నిలబడి రోడ్డు హద్దుకు కొట్టిన గూటాలు సరిచూసుకుంటుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పొద్దున పోయినాడు. సాయంత్రం అసర్ నమాజు అయినాక మట్టి. వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. ఫోను జేబులో పెట్టుకుని కాసేపు ఆ గూటాల పక్కనే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అలసటగా మాత్రం అనిపించింది. ఈమధ్య నాకు అన్నిటికీ అలసటగానే ఉంటోంది.

సారు అంటే రోడ్ల ఆఫీసులో మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. రోడ్డు వేయకముందు దాన్ని కాగితం మీద గీయాలి కదా, ఆ గీత నాకు నేర్పింది ఆయనే. ఈ పని గురించి చెప్పబోతే ఎవరైనా ఆవలిస్తారు. రోడ్డు మొదలు సున్నా. అక్కడి నుంచి కొలుచుకుంటూ పోయే దూరాన్ని చైనేజీ అంటాం. కాగితం మీద అది ఎడమ నుంచి కుడికే పెరగాలి. రోడ్డు వంకర తిరిగితే కాగితాన్ని తిప్పుకుంటాం, ఉత్తరం గుర్తూ దాంతోపాటే తిరగాలి. రోడ్డుకు ఎడమ, కుడి అంటే దూరం పెరిగే వైపు నడిచేవాడి ఎడమ, కుడి. ఇంతే.

ఆఫీసులో ఆయన బల్ల ఒక్కటే గోడకు ఏటవాలుగా ఉండేది. ఉత్తరానికి సరిగ్గా ఎదురుగా పెట్టించుకున్నారు. ఊడ్చే ఆమె రోజూ దాన్ని గోడకు ఆనించిపోయేది. ఆయన రోజూ వచ్చి మళ్ళీ తిప్పుకునేవారు. ఇద్దరూ ఏనాడూ ఒక మాట అనుకోలేదు.

షీటు తీసుకుపోతే మొదటి ప్రశ్న, "ఉత్తరం యాడ?" బాణం గుర్తు మీద వేలు పెడితే ఒప్పుకునేవారు కాదు. "కాయితం మీద కాదప్పా. ఈడ, ఈ గదిలో యాడుండాది?" చెయ్యి చాపి చూపించాలి. టీ బంకు దగ్గర, బస్టాండులో, ఎక్కడపడితే అక్కడ అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది.

నేను చేరిన ఏడాదే మడకశిర వైపు ఒక రోడ్డును వెడల్పు చేసే పని వచ్చింది. కొలతలకు పోయినవాళ్ళ జీపు చెడిపోయింది. ఎక్కిన బస్సు వాళ్ళను రోడ్డు అవతలి చివర దింపింది. సరేలే అని అక్కడి నుంచే వెనక్కి కొలుచుకుంటూ వచ్చారు. ఆ సంగతి కొలతల పుస్తకం మొదటి పేజీలో రాశారు. నేను చదివాను కూడా. దూరాలన్నీ తిరగేసి సున్నా నుంచి వేశాను. పక్కలు తిరగేయడం మరిచిపోయాను. వాళ్ళు ఎడమ అని రాసిన బావిని నేనూ ఎడమకే గీశాను. సారు చూసి సంతకం పెట్టారు. బావికి ఏమీ కాకుండా రోడ్డును కుడి పక్కకు పెంచాలని ప్లాను పాసయింది.

గూటాలు కొట్టిన మూడో రోజు ఒక రైతు రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చాడు.

"సార్, మీ గూటాలు నా బావి దాటి పడినాయి. బావి పూడుస్తారంటనే?"

మా పై అధికారి ప్లాను పరిచాడు. "ఇదో, బావి ఎడమ పక్కనుండాది. దాన్ని వదిలిపెట్టినాం గదప్పా."

"ఆ పక్క ఉండేది కంపచెట్లు సార్. మీరు కంపచెట్లను కాపాడినారు. ఇప్పుడేం, బావిని ఎత్తుకపోయి ఆ పక్క పెట్టాల్నా? ఈ ఎండలకు మాకు నీళ్ళుండేది అదొక్కదాంట్లోనే."

సారు కొలతల పుస్తకం తెమ్మన్నారు. మొదటి పేజీ చదివారు. తలెత్తి నన్ను ఒక్కసారి చూశారు. ఆయన అధికారి వైపు తిరిగి, "పొరపాటు నాది సార్. చూసి సంతకం పెట్టింది నేను," అన్నారు. అదే మాట కాగితం మీదా రాసిచ్చారు. రిటైరయ్యేందుకు నెలలే ఉన్నాయి. సర్వీసు మొత్తంలో మొదటి మెమో అప్పుడు తీసుకున్నారు. ముసలాయనకు చూపు ఆనడం లేదు పాపం అని ఆఫీసంతా అనుకున్నారు. నేనూ తలూపాను. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఆ తలూపడమే.

మర్నాడు నన్ను ఆ రోడ్డుకు తీసుకుపోయారు. ఎందుకు సార్ మీ మీద వేసుకున్నారని బస్సులో గొణిగాను. "గీసేవాడు తప్పు చేస్తాడప్పా. చూసేదానికే గదా నన్ను కూర్చోబెట్టినారు," అన్నారు. బావి దగ్గర దిగాక, "సున్నాకు వీపు పెట్టి నిలబడు. ఇప్పుడు కుడిచెయ్యి ఎత్తు," అన్నారు. ఎత్తాను. నా చెయ్యి బావిని చూపిస్తోంది. ఆ రైతు ఆ బావి నీళ్ళే చెంబుతో తెచ్చిచ్చాడు. తాగలేక తాగాను.

షీట్లన్నీ మళ్ళీ గీశాం. బావి నిలిచింది. సారు రిటైరయ్యారు. ప్రతి రంజానుకూ వాళ్ళింటికి పోయేవాణ్ణి. తప్పు నాదని ఇంట్లోవాళ్ళ ముందు చెప్పాలనే పోయేవాణ్ణి. సేమ్యా పాయసం తాగి, చెప్పకుండా వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు కాగితాలను కంప్యూటరు తిప్పుతుంది. సంతకం పెట్టేది నేను. సాయంత్రానికి కళ్ళు మండుతాయి, పక్కలన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. అయినా కొలతల మొదటి పేజీ చదవందే నాకు పెన్ను కదలదు.

కొత్తచెరువు దగ్గర వాళ్ళ ఊరి ఖబరస్తానులో అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. జనం కదిలాక ఆయన కొడుకును ఆపి, "ఆ బావి తప్పు మీ నాయనది కాదు. నాది," అన్నాను.

అతను చేతుల మట్టి దులుపుకున్నాడు. "తెలుసులే అన్నా. ఇంట్లో అందరికీ తెలుసు. నాయన ఆ పొద్దే చెప్పినాడు. ఆయప్ప ఇంటికొస్తే ఆ మాట ఎత్తొద్దండి, కడుపునిండా పెట్టి పంపండి అనినాడు."

అన్ని రంజాన్లూ వాళ్ళు తెలిసే పెట్టారు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

చల్లిన నీళ్ళకు మట్టి ఇంకా తడిగా ఉంది. వాళ్ళ ఆచారం ప్రకారం తల ఉత్తరానికి పెట్టి, ముఖం పడమటికి తిప్పి పడుకోబెట్టారు. ఎండ వాలుతోంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా చెయ్యి మాత్రం దానంతటదే లేచి, ఆయన తల వైపు చూపించింది.